శాస్త్రరచయితలకు పృచ్ఛకులు కావలెను

ప్రొద్దుటూరి వారికి అవధానమనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. దుర్భాక రాజశేఖర శతావధానిగారు, గడియారము వేంకటశేషశాస్త్రిగారు జంటగ అవధానములు నెఱపిన ఊరది. అవధాని నడుమ కూర్చుండును. చుట్టును పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు అక్షరమును నిషేధింతురు, ఒకరు ఊరక అడ్డుమాటలాడి ఏకాగ్రతను చెఱుపజూతురు. పద్యము పుట్టుట సభలోనే. దాని తప్పొప్పులు తేలుటయు సభలోనే.

కవులకు, గాయకులకు, నటులకు ఇట్టి కూడికలు మనలో నెన్నియో కలవు. అయితే శాస్త్రవిషయములను తెలుగున వ్రాయువారు ఎచ్చట కూడుదురు? వారిని ప్రశ్నించువా రెవరు? శాస్త్రరచయిత పరిశోధకుడే కానక్కఱలేదు. పరిశోధనశాలలో తేలిన సంగతిని వసారాలో కూర్చున్నవారికి అర్థమగునట్లు చెప్పగలవాడు శాస్త్రరచయిత. అట్టివాడు సామాన్యముగ తన గదిలో ఒంటరిగ వ్రాసి, పత్రికకు పంపి ఊరకుండును. వ్రాసినది ఎవరికి తెలిసినదో, ఎవరికి తెలియలేదో అతని చెవిని పడదు. ఈ ఒంటరితనము వలన నష్టపడునది అతడొక్కడే కాదు.

1979వ సంవత్సరము జూలై మాసము పెద్దలకు ఇంకను జ్ఞాపకముండును. అమెరికావారు 1973లో ఆకాశమునకు పంపిన స్కైలాబ్ అను ప్రయోగశాల క్రమముగ క్రిందికి జారుచు నేలపై పడనున్నదని వార్త వచ్చెను. దాని బరువు సుమారు 77 టన్నులు. అది తమ ఇంటిమీదనే పడునని పెక్కు తెలుగు పల్లెలలో జనులు హడలిపోయిరి. ఇక రేపన్నది లేదని కోళ్లను, మేకలను కోసి విందులు చేసికొనిరి; వచ్చిన ధరకు గొడ్ల నమ్ముకొన్నవారును కలరు. జూలై 11వ తేదీ రాత్రి ఆ యంత్రము గాలిలో మండి ముక్కలై, హిందూ మహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. మన పల్లెలలో మాత్రము కోడి పోయెను, మేక పోయెను.

మఱుసటి సంవత్సరము 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగునాటి మీదుగ సాగెను. హైదరాబాదు సమీపమున జపాల్‌-రంగాపూర్ వేధశాలయొద్ద శాస్త్రజ్ఞులు గుమిగూడి దూరదర్శినుల నెక్కుపెట్టి యుండగా, ఊళ్లలో తలుపులు మూతపడి వీధులు నిర్మానుష్యములయ్యెను. జీవితములో ఒకసారియైన చూడదగిన ఆ దృశ్యమును, తగిన జాగ్రత్తలతో చూడగలిగియు చూడనివారు లక్షలకొలది.

ఈ రెంటను తప్పు జనులదేయని త్రోసివేయుట సులభము. కాని జరిగినదేమి? వార్త ఊరూరికి చేరెను. వివరణము మాత్రము వెనుకబడెను. వివరింపగలవారు దేశమున లేకపోలేదు. జనుల భయమేదో వారికి తెలియదు. వారెచ్చట నున్నారో జనులకు తెలియదు. ఇరువురును ఒక చాపమీద కూర్చుండిన సందర్భము లేదు.

రచయితలు తమలో తాము కూడనందువలన కలుగు చిక్కు మఱియొకటి. అది మాటలకు సంబంధించినది. మన పాఠ్యగ్రంథములలో పరమాణువు చిన్నది. పరమాణువులు కూడి యేర్పడునది అణువు. కాని పత్రికలలో స్థిరపడినవి అణుబాంబు, అణుశక్తి అను మాటలు. నిజమునకు ఆ బాంబు, ఆ శక్తి పరమాణువునకు, అందును దాని కేంద్రకమునకు, సంబంధించినవి. బడిలో ఒక అర్థమున నేర్చిన మాటను బాలుడు ఇంటికి వచ్చి పత్రికలో మఱియొక అర్థమున చదువును. తప్పు తనదే ననుకొని ఊరకుండును.

ఇంకొక ఉదాహరణము. మనము పీల్చు వాయువులో ప్రాణాధారమైన భాగమును ఒకరు ప్రాణవాయువనిరి, ఒకరు ఆమ్లజని యనిరి, ఇంకొకరు ఆక్సిజనుగనే యుంచిరి. ఆమ్లజని యనగా ఆమ్లములను పుట్టించునది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోజియే, ఆమ్లములన్నింటను ఈ వాయువుండునని తలచి, తన భాషలో ఆ అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ తలంపు సరికాదని, ఉప్పునుండి తీయు హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ఈ వాయువు లేనేలేదని, 1810 ప్రాంతమున ఇంగ్లండులో హంఫ్రీ డేవీ తేల్చెను. మనము ఆ పేరును తెలిగించునపుడు దానిలోని పొరపాటును కూడ తెలిగించితిమి. నలుగురు కూర్చుండి చర్చించియుండినచో, ఒకరైనను ఈ సంగతిని ఎత్తి చూపియుందురు. పేరు మార్చవలెనా, అలవాటైనది గనుక ఉంచవలెనా యన్నది తరువాతి మాట. తెలిసి యుంచుకొనుట వేఱు, తెలియక మోయుట వేఱు.

మనవారు కూడి పనిచేసిన కాలము లేకపోలేదు. కందుకూరి వీరేశలింగముగారు కథలు, ప్రహసనములతో తృప్తిపడక శరీరశాస్త్రమును, జ్యోతిశ్శాస్త్రమును గూర్చి తెలుగున వ్రాసిరి. ఆ పని ఒక్కరి చేతిమీదుగ సాగినది. దానిని పదిమంది పనిగ మార్చినది విజ్ఞానచంద్రికా మండలి. 1906లో హైదరాబాదునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మున్నగువారు దానిని నెలకొల్పిరి. హరిసర్వోత్తమరావుగారు మన సీమవారు, కర్నూలున జన్మించినవారు. 1908లో మండలి చెన్నపట్టణమునకు తరలెను. చరిత్రములు, నవలలతోపాటు శాస్త్రగ్రంథములను ప్రకటించుట దాని విశేషము. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారిచేత జీవశాస్త్రమును వ్రాయించినది ఆ మండలియే.

ఈ పనికంతకును నెలవు చెన్నపట్టణమునందలి లక్ష్మణరావుగారి ఇల్లు. వేదవిలాసమని దాని పేరు. పండితులు, వైద్యులు, చరిత్రకారులు, విద్యార్థులు వచ్చుచు పోవుచుండు ఇల్లది. వీరేశలింగముగారు 1919లో తుదిశ్వాస విడిచినది అచ్చటనే. తెలుగున మొదటి విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, 1912 మొదలు సంపుటములుగ వెలువరించుటకు పూనుకొన్నదియు లక్ష్మణరావుగారే. మూడు సంపుటములు వచ్చిన పిమ్మట ఆ పని నిలిచెను. 1923లో లక్ష్మణరావుగారు పరమపదించిరి. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టువఱకు సర్వస్వమునకు దిక్కు లేకపోయెను. ఒక మహనీయుని ఇంట వెలసిన కూడికకు బలము ఆ మహనీయుడే, బలహీనతయు అదియే. ఇంటి పెద్ద వెడలిపోగా చావడి ఖాళీ యగును.

పాశ్చాత్యులలోను ఇట్టి కూడికలే పెక్కు పనులకు మూలములైనవి. 1765 చివర జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఇంగ్లీషు బోధకుడు లండనుకు వచ్చి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను, అతని మిత్రులను కలిసికొనెను. విద్యుత్తును గూర్చి జరిగిన పరిశోధనల చరిత్రను వ్రాయదలచితినని చెప్పగా వారు పుస్తకములిచ్చిరి, వ్రాసినది చదివి దిద్దిరి, సందేహములు తీర్చిరి. 1767లో ఆ గ్రంథము వెలువడెను. ఫ్రాంక్లిన్ గాలిపటము నెగురవేసి మేఘములలోని విద్యుత్తును దింపిన ఉదంతము వివరముగ లోకమునకు తెలిసినది ఆ పుస్తకమువలననే. మిత్రగోష్ఠి లేనిచో ఆ పుస్తకము అట్లు వచ్చియుండదు.

తరువాత ప్రీస్ట్లీ బర్మింగ్‌హామ్ నగరమునకు పోయి అచ్చటి చాంద్రసంఘమున చేరెను. ఆవిరియంత్రమును మెఱుగుపఱచిన జేమ్స్ వాట్, కర్మాగారముల యజమాని బౌల్టన్, పింగాణిపాత్రలు చేయించు వెడ్జ్‌వుడ్, వైద్యుడును కవియు నైన ఎరాస్మస్ డార్విన్ మొదలగువా రందలి సభ్యులు. వారు నెలకొకసారి పున్నమి దగ్గఱపడిన దినమున ఒకరి యింట భోజనమునకు కూడుచుండిరి. పున్నమినాడే యేల? ఆ కాలమున వీధిదీపములు లేవు. రాత్రి ప్రొద్దుపోయినను వెన్నెలలో గుఱ్ఱముపై ఇల్లు చేరవచ్చును. చాంద్రసంఘమన్న పేరు అందువలననే వచ్చినది. వెన్నెలలో భజనలు చేసికొను మన పల్లెలకు ఈ యేర్పాటు వింతగా తోచదు. పెద్ద భవనము, పెద్ద ధనము అవసరము కాలేదు. నియతమైన దినము, పెట్టెడు భోజనము, నిర్భయమైన మాట, ఈ మూడును చాలినవి.

మన పొరుగున కేరళమున జరిగినది ఇంకను గమనింపదగినది. 1962 సెప్టెంబరులో కోళికోడున కొందఱు మలయాళ శాస్త్రరచయితలు కూడి శాస్త్రసాహిత్య పరిషత్తును స్థాపించిరి. మలయాళమున శాస్త్రరచన చేయువారొకచోట కలిసికొనుట, ఒకరి వ్రాతలనొకరు పరిశీలించుట వారి తొలి యుద్దేశము. కొలది సంవత్సరములలో తమలో తాము మాటలాడుకొన్నంత మాత్రమున చాలదని వారికి తోచెను. ఉపాధ్యాయులను, రైతులను, విద్యార్థులను చేర్చుకొనిరి. ఊరూర ఉపన్యాసములు, వీధి నాటకములు, పిల్లల పత్రికలు నడిపిరి. రచయితల గోష్ఠి ప్రజోద్యమమయ్యెను. 1987లో దేశము నలుచెఱగులనుండి బయలుదేరి భోపాలులో కలిసికొన్న భారత జన విజ్ఞాన జాతాకు ఇట్టి సంఘముల అనుభవమే ఊపిరి.

ఆ మఱుసటి సంవత్సరమే, 1988లో, మన రాష్ట్రమున జన విజ్ఞాన వేదిక యేర్పడినది. అది పిల్లలకై నడపు మాసపత్రిక పేరు చెకుముకి. ఆ పేరునందలి సొగసు అగ్గిపెట్టె రాకపూర్వపు పెద్దలకు తెలియును. చెకుముకిరాయి ఒంటిగ నుండిన రాయియే. ఉక్కు తగిలిననే నిప్పురవ్వ. ఆ రవ్వను పట్టుటకు దూది యుండవలెను. రచయిత రాయి యైనచో ప్రశ్నించువాడు ఉక్కు. వినువారి మనస్సు దూది.

ఇంతటి ప్రయత్నములు జరిగినను, తెలుగు శాస్త్రరచయితలు పెక్కుమంది దూరదూరముగనే పనిచేసిరి. విశ్వరూపము, నరావతారము వ్రాసి ఖగోళమును, జీవపరిణామమును ఇంటింటి మాటగ చేసిన నండూరి రామమోహనరావుగారు విజయవాడలో పత్రికాసంపాదకులు. మహీధర నళినీమోహన్‌గారు ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలయందు శాస్త్రజ్ఞులు. కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు ముంబాయిలో భాభా పరమాణు పరిశోధనకేంద్రమున పనిచేసినవారు. 2005లో నళినీమోహన్‌గారు, 2011లో రామమోహనరావుగారు, 2012లో రోహిణీప్రసాద్‌గారు కాలధర్మము చెందిరి. వారి పుస్తకములు మనకు మిగిలినవి. కాని ఒక కఠినవిషయమును తేటగ చెప్పుటకు వారు పడిన పాటు, విడిచిపెట్టిన మాటలు, ఏరుకొన్న మాటలు, ఆ పనితనపు రహస్యములు వారి వెంటనే పోయినవి. వడ్రంగికి శిష్యుడుండును, కవికి సభ యుండును, శాస్త్రరచయితకు రెండును లేకున్నచో తరువాతివాడు మరల ఓనమాలనుండి మొదలిడవలసినదే.

ఇట్టి గోష్ఠి యొక్క తీరు ఎట్లుండవలెను? దానికి నమూనా మన ప్రాంతముననే కలదు. ప్రొద్దుటూరి చెంత కల్లూరున 1907లో లక్కోజు సంజీవరాయశర్మగారు జన్మించిరి. పుట్టుకతోనే చూపు లేదు. తోబుట్టువు బిగ్గఱగ చదువుకొను పాఠములను విని లెక్కలు నేర్చిరని చెప్పుదురు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో తొలిసారి గణితావధానము చేసి, తరువాత దేశమంతట వేలకొలది అవధానములు నిర్వహించిరి. పుట్టిన తేదీ చెప్పిన వారమేదో తత్క్షణమే చెప్పెడివారు. పెద్ద పెద్ద గుణకారములను మనస్సులోనే చేసెడివారు. 1997లో వారు కన్నుమూసిరి. లెక్కలనిన బెదరు వారు కూడ టిక్కెట్టు కొన్న నాటకమునకువలె ఆ సభలకు మూగినారనగా దానికి కారణమేమి? అవధాని ఎదుట ప్రశ్న వేయువాడు ఊరివాడే. ప్రశ్న ఊరివానిదైనపుడు జవాబును గూడ ఊరు తనదిగ వినును.

ఈ అవధానపు అంగములను శాస్త్రగోష్ఠికి అన్వయించి చూతము. పెద్దముడియమున ఒక పున్నమినాటి సాయంకాలము బడి ఆవరణలో ఇట్టి కూడిక జరిగినట్లు ఊహింతము. రచయిత ఒకరు నల్లరేగడిని గూర్చి తాము వ్రాసిన వ్యాసమును చదువుదురు. చుట్టును పృచ్ఛకులు: ఒక రైతు, ఒక ఉపాధ్యాయిని, ఒక వైద్యుడు, ఇద్దఱు బడిపిల్లలు, మఱియొక రచయిత.

మొదటి పృచ్ఛకునిది నిషిద్ధాక్షరి. అక్షరమునకు బదులు పరిభాషను నిషేధించును. “మృత్తికలోని ఆర్ద్రత” యని రచయిత చదువగనే రైతు చేయెత్తి, “ఆ మాట వలదు, వేఱుగ చెప్పుడయ్యా” యనును. రచయిత తడబడును. “నేలలోని తేమ” యనును. రైతు నవ్వి, “మేము దానిని పదును అందుము” అనును. పదునన్న మాటలో తేమయొక్కటే లేదు. విత్తనము మొలచుటకు తగినంత తేమ యను కొలత కూడ కలదు. అంతటి అర్థము గల మాటను పల్లె యుంచుకొని యుండగా, రచయిత సంస్కృతకోశమును తిరుగవేసెను.

రెండవది దత్తపది. ఒండ్రు, పదును, నెఱ్ఱె, అదను, ఈ నాలుగు మాటలతో రేగడి స్వభావమును చెప్పవలెనని కోరుదురు. రచయిత ఇట్లు చెప్పవచ్చును: “రేగడి ఒండ్రు మిక్కిలి సన్ననిది. దాని కణములు పలుచని రేకులవలె పొరలు పొరలుగ నుండును. వాన కురిసినపుడు ఆ పొరల నడుమకు నీరు చొచ్చి మన్ను ఉబ్బును. ఎండకు నీరు వెడలి మన్ను కుంచించుకొనును. ఆ కుంచించుటవలననే నెఱ్ఱెలు విచ్చును. పైమన్ను ఆ నెఱ్ఱెలలో రాలి, తరువాతి వానకు లోనికి చేరును. నేల తనంతట తానే కొంత దున్నుకొన్నట్లగును. ఇట్లు నీటిని పట్టి దాచుకొను గుణమువలననే అదనున వేసిన బుడ్డశనగ, పైన వాన లేకున్నను, అడుగు పదునుతో పండును.” శాస్త్రము తఱుగలేదు, మాట బరువెక్కలేదు.

మూడవది సమస్య. “కడప బండపై సముద్రపు జాడ” యని ఒకరిత్తురు. ఇది అసంబద్ధముగ తోచును గాని నిజము. మన ఇండ్లలో గచ్చుకును, అరుగుకును పఱచిన బండలు ఒకప్పుడు సముద్రపు అడుగున మడ్డిగ పేరుకొని గట్టిపడిన సున్నపురాయి. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో ఈ ప్రాంతపు శిలలను వర్ణించి గ్రంథము ప్రకటించిన నాటినుండి, కడప అనుపేరు లోకమందలి భూగర్భశాస్త్ర గ్రంథములలో ఒక శిలాసముదాయమునకు నిలిచినది. అందొక భాగమునకు పులివెందుల సీమలోని వేంపల్లె పేరు. ఆ వేంపల్లె రాతిపొరలలో కంటికి కానరాని ప్రాచీన జీవులు పొరపై పొరగ కట్టిన గుర్తులు నేటికిని కనిపించును. వాని వయస్సు వందకోట్ల సంవత్సరములకు మించినది. దూరదేశపు విద్యార్థి ఈ పేర్లు చదువుకొనుచున్నాడు. ఆ బండపై బొంగరము త్రిప్పు మన బాలునికి ఎవరును చెప్పలేదు.

నాలుగవవాడు అప్రస్తుతప్రసంగి. అవధానమున వాని పని అడ్డుపడుట. శాస్త్రగోష్ఠిలో ఈ పదవికి బడిపిల్లలను మించినవారు లేరు. “ఉబ్బిన మన్ను మా గోడను పగులగొట్టునా?” యని ఒక బాలిక అడుగును. అప్రస్తుతమని నవ్వబోయిన పెద్దలు ఆగిపోవుదురు. రేగడిపై కట్టిన ఇండ్ల గోడలు పగులుటకు ఒక ముఖ్యకారణము అదియే కదా! రచయిత వ్యాసమున ఆ సంగతి లేదు. మఱునాడు చేర్చుకొనును.

చివరిది ధారణ. చెప్పినదంతయు మరల అప్పగించుట. ఆనాడు ఏయే మాటలు మార్చితిమి, ఏ సంగతి తప్పని తేలినది, ఏ ప్రశ్నకు జవాబు వెదకవలసియున్నది అని ఒక పుస్తకమున వ్రాసి, వచ్చు గోష్ఠి యారంభమున చదువవలెను. పది గోష్ఠులు గడచుసరికి ఆ పుస్తకమే చిన్న నిఘంటువగును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్రపరిభాషకు పదకోశములు ప్రకటించి గొప్ప సేవ చేసినది; అట్టి కోశములకు పొలములో, కొలిమిలో, వంటింట వాడు మాటలను అందించు పని ఇట్టి గోష్ఠులది.

రేడియో వారికిని ఇందు పాలు కలదు. ప్రసంగము చేయువాడు వినువాని ముఖమును చూడలేడు. ఈ లోటును తీర్చుటకే 1956లో పూనా ప్రాంతమున రేడియో గ్రామీణ గోష్ఠులను నడిపి చూచిరి. ఊరివారు ఒకచోట కూడి ప్రసంగమును వినుట, చర్చించుట, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపుట ఆ పద్ధతి. 1959లో దానిని ఇతర ప్రాంతములకు విస్తరింపజేసిరి. కడపలో 1963లో ఆకాశవాణి కేంద్రము వచ్చిన పిదప మన పల్లెలకు శాస్త్రప్రసంగములు ఇంటిభాషలో వినవచ్చినవి. విన్న తరువాత నలుగురు కూర్చుండి మాటలాడుకొన్ననే ప్రసంగము పూర్తి యగును.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన సభలకు ఒక జాడ్యము కలదు. వేదికపై పదిమంది, క్రింద పదునైదుగురు. శాలువలు, దండలు, పొగడ్తలు ముగియుసరికి దీపాలవేళ యగును. విషయమునకు అయిదు నిమిషములు మిగులును. శాస్త్రగోష్ఠికి వేదిక వలదు. అందఱు ఒకే చాపమీద కూర్చుండవలెను. తప్పును తప్పనుటకు జంకవలదు, అన్నందుకు కోపింపవలదు. వ్రాసినవానిని ఎగతాళి చేయక, వ్రాతను మాత్రము జల్లెడ పట్టవలెను. వాదము ముగిసిన పిమ్మట కలిసి భోజనము చేయుట మఱువరాదు. మాటతో నొచ్చిన మనస్సు ఒకే పంక్తిని కూర్చున్నపుడు కుదుటపడును. రొట్టె, ఊరిమిండి చాలును; విందు అక్కఱలేదు.

చాళుక్యశాసనములలోని ముడివేము అగ్రహారము ఈ పెద్దముడియమే యని చరిత్రకారులందురు. భర్తను కోల్పోయి నిండుచూలాలై వచ్చిన రాణికి విష్ణుభట్టసోమయాజి అచ్చట ఆశ్రయమిచ్చి కాపాడెనని, ఆ బిడ్డయే పెరిగి రాజ్యమును నిలిపెనని ఆ శాసనములు చెప్పుచున్నవి. ఇల్లులేని విద్య కూడ అట్టిదే. దానికి రాజప్రాసాదము వలదు. ఆదరించు ఒక చావడి చాలును. మఱల ఆకాశమునుండి ఏ వార్తయో వచ్చి ఊరు బెదరిన నాడు, “పున్నమినాడు మన చాపమీద కూర్చున్న ఆయనను అడుగుదము” అని ఒక్కరు అనగలిగిన చాలును. ఆ ఊరి కోళ్లు, మేకలు బ్రతికిపోవును.